మూడో పాట దగ్గర

బీటిల్స్ ఆల్బమ్ 'అబీ రోడ్' గురించి అభిమానంగా మాట్లాడేవాళ్ళు ఒకచోట తప్పకుండా తడబడతారు. మొదటి పాట 'కమ్ టుగెదర్' గురించి ఎంతసేపైనా చెబుతారు. రెండోది 'సమ్‌థింగ్' అనగానే మాట మెత్తబడుతుంది. మూడో పాట దగ్గరికి వచ్చేసరికి "అదొక్కటీ లేకపోతేనా..." అని నసుగుతారు. ఆ మూడో పాట 'మాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్'.

మంచి ఆల్బమ్‌లో పస లేని పాట ఎందుకు దూరుతుందంటే మన దగ్గర సిద్ధంగా ఉండే జవాబు బద్ధకం. రికార్డు నిండాలి కాబట్టి ఏదో ఒకటి కుక్కారనో, గడువు తరుముకొస్తే చుట్టబెట్టేశారనో అనుకుంటాం. చాలా ఆల్బమ్‌ల విషయంలో అది నిజం కూడా. 'అబీ రోడ్' దగ్గర మాత్రం ఆ జవాబు నిలవదు. ఈ మూడో పాట కోసం పడినంత శ్రమ అందులోని చాలా పాటలకు పడలేదు. అదే రికార్డు రెండో వైపున చూస్తే, సొంతంగా నిలబడలేని తునకలు, సగంలో ఆగిపోయిన పాటలు ఒకదాన్నొకటి పట్టుకుని సుమారు 16 నిమిషాల మహత్తరమైన సంగీతమయ్యాయి. అవే చేతులు ఒకవైపు చిన్న పాటను పెద్దది చేయబోయి చెడగొట్టుకున్నాయి. రెండో వైపు చిన్న పాటల్ని చిన్నగానే ఉంచి గొప్ప పని చేశాయి. ఏ పాట ఎంత పొడవు పలకాలో, ఎంత బరువు మోయాలో తెలుసుకోవడం ఎంత కష్టమైన విద్యో ఈ ఒక్క రికార్డు వింటే తెలుస్తుంది.

ముందు ఆ రోజుల సంగతి. 1969 జనవరిలో నలుగురూ కెమెరాల ముందు చేసిన రిహార్సళ్ళు సవ్యంగా సాగలేదు. మధ్యలో జార్జ్ హారిసన్ అలిగి కొన్నాళ్ళు రాలేదు కూడా. ఆ టేపులు పక్కన పడి, మరుసటి ఏడాది 'లెట్ ఇట్ బీ'గా బయటికొచ్చాయి. ఈలోగా పాల్ మెకార్ట్‌నీ నిర్మాత జార్జ్ మార్టిన్‌ను కలిసి, మునుపటిలా ఒక ఆల్బమ్ చేద్దామని అడిగాడు. మునుపటిలా తనను పని చేయనిస్తేనే వస్తానన్నాడు మార్టిన్. లండన్‌లో అబీ రోడ్ మీదున్న ఈఎంఐ స్టూడియోలో ఆ వేసవి పని నడిచింది. ఎనిమిది ట్రాకుల టేప్ యంత్రం, వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లతో నడిచే మిక్సింగ్ కన్సోల్, హారిసన్ కొనుక్కున్న మూగ్ సింథసైజర్ వాళ్ళకు కొత్త పనిముట్లు. 1969 సెప్టెంబర్ 26న రికార్డు బ్రిటన్‌లో విడుదలైంది. నలుగురూ కలిసి రికార్డు చేసిన చివరి ఆల్బమ్ అదే.

మొదటి పాట నడకను కాస్త దగ్గరగా చూడాలి. జాన్ లెనన్ 'కమ్ టుగెదర్'ను తెచ్చినప్పుడు అది ఇప్పటికన్నా వేగంగా ఉండేది. అందులో చక్ బెరీ పాటొకదాని పోలిక కొట్టొచ్చినట్టు కనిపించేది. దాన్ని బాగా నెమ్మదించమన్నది మెకార్ట్‌నీ. ఆ ఒక్క సలహాతో పాట స్వభావమే మారిపోయింది. పైన లెనన్ గొంతులోంచి గుసగుసలాంటి ఊపిరి, దాని వెంట చప్పట్ల ప్రతిధ్వని. కింద బేస్ గిటార్ ఒక స్వరం మీద నిలబడి, పైకి జారి, మళ్ళీ దిగుతుంది. అది దిగినచోట రింగో స్టార్ చేతులు డ్రమ్ముల మీద ఒక్కసారి దొర్లుతాయి. రింగోది ఎడమచేతి వాటం, డ్రమ్ముల అమరిక కుడిచేతి వాళ్ళది. ఆ దొర్లింపులో వినిపించే చిత్రమైన ఒడుపు అక్కడి నుంచే వచ్చింది. చరణం మొదలవగానే వాయిద్యాలు చాలావరకు తప్పుకుని గొంతుకు దారిస్తాయి. ఎక్కడ వాయించకూడదో తెలిసిన నలుగురు మనుషులు ఒకచోట కూర్చుంటే ఎలా ఉంటుందో అక్కడ వినబడుతుంది.

'సమ్‌థింగ్' హారిసన్ రాసి పాడిన మూడు నిమిషాల పాట. బీటిల్స్ సింగిల్ రికార్డుకు ముఖ్యమైన వైపున హారిసన్ పాట రావడం దీనితోనే మొదలు. గిటార్ మీద మెట్లెక్కే ఒక చిన్న స్వరాల వరుసతో తలుపు తెరుచుకుంటుంది. అదే వరుస మళ్ళీ మళ్ళీ వచ్చి, చివరికి పాటను మూసేది కూడా అదే. మెకార్ట్‌నీ బేస్ ఆ గొంతు పక్కనే ఇంకో పాట పాడుతున్నట్టుంటుంది. మధ్యలో వచ్చే గిటార్ సోలోను ఎవరైనా కూనిరాగం తీయగలరు. వేళ్ళ వేగం చూపించుకునే తాపత్రయం అందులో లేదు. మార్టిన్ రాసిన తీగవాద్యాలు ఎక్కడా గొంతును దాటి పోవు.

ఈ రెండు పాటలు విన్న చెవి ఒక లోతుకు అలవాటు పడి ఉంటుంది. సరిగ్గా అప్పుడు మాక్స్‌వెల్ వస్తాడు.

కథ ఇది. మాక్స్‌వెల్ ఎడిసన్ అనే వైద్య విద్యార్థి వెండి సుత్తితో తలలు పగలగొడుతుంటాడు. మొదటి చరణంలో ఒక అమ్మాయి, రెండో చరణంలో టీచరమ్మ, మూడో చరణంలో తీర్పు చెప్పబోయే జడ్జి. బాణీ మాత్రం చిరునవ్వులు చిందిస్తూ సాగుతుంది. అది మ్యూజిక్ హాల్ బాణీ. పాతకాలం ఇంగ్లండ్ వినోదశాలల్లో జనమంతా గొంతు కలిపి పాడిన హుషారు పాటల సంప్రదాయం. మెకార్ట్‌నీ తండ్రి జిమ్ కుర్రవయసులో సొంతంగా ఒక జాజ్ బ్యాండ్ నడిపినవాడు. అలాంటి పాటలు ఆ ఇంట్లో పియానో మీద మోగుతుండేవి. ఆ సంప్రదాయంలో తప్పు లేదు. 1967లో వచ్చిన 'వెన్ ఐయామ్ సిక్స్టీ-ఫోర్' అదే గూటి పక్షి, ఇప్పటికీ హాయిగా వినిపిస్తుంది. ముసలితనంలో కూడా నాతో ఉంటావా అని అడిగే ఒక మనిషి ఆ పాటలో ఉన్నాడు. మాక్స్‌వెల్ పాటలో సుత్తి ఉంది, దెబ్బ ఉంది, మనిషి లేడు.

ఈ పాట మీద పడిన శ్రమ చూడండి. జనవరి రిహార్సళ్ళలోనే దీన్ని పదే పదే వాయించారు. కమ్మరి కొలిమిలో ఉండే ఇనుప దాగలిని నిజంగానే స్టూడియోకు తెప్పించి, పల్లవిలో సుత్తి దెబ్బ పడేచోట టంగుమని కొట్టించారు. జూలై 9, 10, 11 తేదీల్లో రికార్డింగ్ నడిచింది. ఆగస్టు 6న మూగ్ సింథసైజర్ చేర్చారు. ఆ వాయిద్యం అప్పట్లో చాలా కొత్త. మెకార్ట్‌నీ దాన్ని మీటల మీద కాకుండా, ఒక పొడవాటి పట్టీ మీద వేలు జార్చి వాయించాడు. పట్టీ మీద గుర్తులు ఉండవు. వయొలిన్‌లాగా ఏ స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి. అయినా ఒక్క స్వరం పక్కకు పోలేదు. దెబ్బ దెబ్బకీ దాగలి కొలత తప్పదు, పియానో చెక్కినట్టుంది, వెనక గొంతులు నునుపుగా ఉన్నాయి. పనివాడి చేతిలో లోపం వెతికితే ఎక్కడా దొరకదు.

మరి పాట ఎందుకు చితికిపోయింది? దీనిలో ఉన్న చమత్కారం ఒకటే: ఘోరాన్ని గారాబంగా పాడటం. మొదటి చరణం ముగిసి దాగలి మోగేసరికి ఆ చమత్కారం పేలిపోయింది, మనం నవ్వడం కూడా అయిపోయింది. రెండో చరణంలో చచ్చే మనిషి మారింది తప్ప సంగతి మారలేదు. మూడో చరణం కూడా అంతే. కథ ముందుకు కదలడం లేదని వాయిద్యాలకు తెలిసిపోయినట్టు, రౌండు రౌండుకీ కొత్త నగ ఒకటి దిగేస్తుంటాయి. ఇక్కడ ఒక మూగ్ మెలిక, అక్కడ ఒక కోరస్, ఇంకోచోట ఎవరో నవ్వు ఆపుకుంటున్నట్టు గొంతులో చిన్న వణుకు. నగలు పెరిగేకొద్దీ లోపలి ఖాళీ పెద్దదై కనిపిస్తుంది. వాపును చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. రెండు నిమిషాల్లోపు ఒక పియానోతో పాడి వదిలేసి ఉంటే ఇది ముచ్చటైన కొంటె పాట అయ్యేది. మూడున్నర నిమిషాల దాకా సాగదీసి, 'సమ్‌థింగ్' పక్కన పీట వేసి కూర్చోబెట్టడంతో దాని ఎత్తు ఎంతో బయటపడింది.

లెనన్ ఈ పాటలో వాయించలేదు. జూలై 1న స్కాట్లండ్‌లో కారు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉండి, ఈ రికార్డింగ్ మొదలైన రోజుకి తిరిగొచ్చాడు కానీ దీని జోలికి రాలేదు. ఈ పాటంటే తనకు అసహ్యమని తర్వాత బాహాటంగా చెప్పాడు. ఎంతో ఓర్పు ఉన్న రింగో కూడా, తాను పాల్గొన్న రికార్డింగుల్లో అంత దుర్భరమైనది మరొకటి లేదన్నాడు.

చిన్న పాట అయినందువల్లే ఇది చెడిందా అంటే, కాదని చెప్పడానికి అదే వైపున రింగో పాడిన 'ఆక్టోపసెస్ గార్డెన్' ఉంది. 1968లో సార్డీనియా దగ్గర సముద్రంలో పడవ మీద ఉన్నప్పుడు, ఆక్టోపస్‌లు రాళ్ళూ మెరిసే వస్తువులూ ఏరుకొచ్చి తమ గుహల ముందు తోటలా పేర్చుకుంటాయని పడవ నడిపేవాడు చెప్పగా విని రింగో కట్టిన పాట అది. పిల్లలు పాడుకునే పాట, అంతకుమించి ఏమీ కోరుకోలేదు. గ్లాసు నీళ్ళలో గొట్టం పెట్టి ఊది బుడగల చప్పుడు రికార్డు చేశారు. మధ్యలో గొంతులు నీటి అడుగు నుంచి వస్తున్నట్టు చేశారు. ఆ ముస్తాబు పాట ఒంటికి సరిపోయింది, ఎందుకంటే పాట ఉన్నదే నీటి కింద. పొడవు వల్ల చెడిందా అంటే, ఆ వైపు చివరి పాట 'ఐ వాంట్ యూ' దాదాపు ఎనిమిది నిమిషాలు. మాటలు పట్టుమని పదిహేను కూడా ఉండవు. తీరని కోరిక ఒకే మాట చుట్టూ తిరగడమే అక్కడ విషయం కాబట్టి, ఆ పొడవు పాటకు ప్రాణమైంది. గిటార్లు తిరిగి తిరిగి, మూగ్ గాలిహోరు పెరిగి పెరిగి, ఇక ఆగదనుకున్న క్షణంలో లెనన్ టేపును అక్కడే కత్తిరించమన్నాడు. వాక్యం మధ్యలో మాట తెగినట్టు మొదటి వైపు ముగుస్తుంది.

శ్రమ ఎక్కువైనందువల్ల చెడిందా అంటే అదీ కాదు. 'ఓ! డార్లింగ్' కోసం మెకార్ట్‌నీ రోజూ మిగతావాళ్ళకన్నా ముందే స్టూడియోకొచ్చి, ఒక్కసారి పాడి వదిలేసేవాడు. వారం రోజులుగా వేదికల మీద అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు కావాలి అతనికి. గరుకుతనం కోసం పడిన శ్రమ అది, పాటకు కావలసింది అదే. మాక్స్‌వెల్ కోసం పడిన శ్రమ నునుపు కోసం. సుత్తి పట్టుకున్న హంతకుడి కథను అంత నునుపు చేస్తే, పట్టుకోవడానికి పట్టు మిగల్లేదు.

ఇప్పుడు రికార్డు తిప్పి వేయండి. 'హియర్ కమ్స్ ద సన్' హారిసన్‌ది. బీటిల్స్ సంస్థ వ్యాపారపు గొడవల నుంచి ఒకరోజు తప్పించుకుని, స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో రాసుకున్నాడు. మధ్యలో తాళం లెక్క మారి మారి మళ్ళీ సమంలో పడే చోట, రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న చెవి స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత 'బికాజ్'. లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్ ముగ్గురూ కలిసి మూడేసి సార్లు పాడితే తొమ్మిది గొంతులైన పాట. అక్కడి నుంచి మొదలవుతుంది అసలు అల్లిక.

అందులోకి వెళ్ళిన సరుకు ఏమిటో ముందు చెప్పాలి. 'మీన్ మిస్టర్ మస్టర్డ్', 'పాలిథీన్ పామ్' 1968లో రిషికేశ్‌లో ఉన్నప్పుడు లెనన్ రాసుకున్న తునకలు. డబ్బు దాచుకునే ఒక పిసినారి గురించి పేపర్లో చదివిన వార్త మొదటిదానికి ఆధారం. అది తాను ఇండియాలో రాసిన చెత్త అని లెనన్ తర్వాత తనే తీసిపారేశాడు. ఒక్కొక్కటి నిమిషం పైన కొన్ని సెకన్లు. 'గోల్డెన్ స్లంబర్స్' మాటలకు మూలం 17వ శతాబ్దపు నాటకకర్త థామస్ డెకర్ రాసిన జోలపాట. తండ్రి ఇంట్లో పియానో మీదున్న పుస్తకంలో మెకార్ట్‌నీ దాన్ని చూశాడు. స్వరలిపి చదవడం రాదు కాబట్టి బాణీ తనే కట్టుకున్నాడు. అదీ నిమిషంన్నరే. విడివిడిగా తీసుకుంటే వీటిలో చాలావాటిని ఏ ఆల్బమ్‌లోనైనా బలహీనమైన పాటలనే అంటాం. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత ఇక్కడ అక్షరాలా అమలైంది. ఎంత విషయముంటే అంతసేపే పాడి, అది అయిపోకముందే తర్వాతి పాటకు చేయి అందించారు.

ఆ చేయి అందించే చోట్లే చూడదగ్గవి. 'యూ నెవర్ గివ్ మీ యువర్ మనీ' చివర గిటార్ తీగలు మెల్లగా వెనక్కి పోతుంటే గంటలు, కీచురాళ్ళు వినిపిస్తాయి. మెకార్ట్‌నీ ఇంట్లో తయారుచేసుకొచ్చిన టేపు చుట్టలవి. ఆ రాత్రి చప్పుళ్ళలోంచి 'సన్ కింగ్' లేస్తుంది. 'సన్ కింగ్', 'మస్టర్డ్' రెండింటినీ ఒకే పాటలా ఏకధాటిగా వాయించారు. అందుకే ఆ నిద్రమత్తు నడకలోంచి రింగో ఒక్క విసురుతో రెండో పాటలోకి దూకితే ఎక్కడా కుట్టు కనబడదు. పిసినారి చెల్లెలి పేరు మొదట షర్లీ. తర్వాత వచ్చేది పామ్ పాట కాబట్టి ఆ పేరును పామ్‌గా మార్చారు. ఒక్క పేరు మార్చితే రెండు తునకలు ఒకే వీధిలో ఇళ్ళయ్యాయి. 'పాలిథీన్ పామ్', దాని తర్వాతి 'షీ కేమ్ ఇన్ త్రూ ద బాత్‌రూమ్ విండో' కూడా ఒకే ఊపులో వాయించినవే.

'గోల్డెన్ స్లంబర్స్' జోలగా మొదలై ఒక్కసారిగా గొంతు చించుకుంటుంది. 'క్యారీ దట్ వెయిట్'లో నలుగురూ కలిసి పాడుతుంటే బాకాలు అందుకుంటాయి, ఎప్పుడో మొదట్లో విన్న 'యూ నెవర్ గివ్ మీ' బాణీ కొత్త మాటలతో తిరిగి వస్తుంది. అప్పటిదాకా వేర్వేరు తునకలనుకున్నవి ఒకే పాటలో భాగాలని అక్కడ మనకు తెలిసివస్తుంది. 'ది ఎండ్'లో, సోలోలంటే ఇష్టం లేని రింగో అందరి బలవంతం మీద కొద్ది సెకన్లు డ్రమ్ములు వాయిస్తాడు. బీటిల్స్ రికార్డులన్నిటిలో అతని సోలో అదొక్కటే. ఆ వెంటనే మెకార్ట్‌నీ, హారిసన్, లెనన్ వరుసగా రెండేసి ఆవృత్తాల గిటార్ వాయిస్తూ మూడు చుట్లు తిరుగుతారు. ఒకరిది తేట, ఒకరిది తీపి, ఒకరిది మొరటు. ఎవరి వంతు ఎంతో ముందే కొలిచిపెట్టారు కాబట్టి ఎవరూ ఎవరినీ తొక్కలేదు.

ఈ అల్లికలో మొదట ఇంకో పాట ఉండేది. 'హర్ మెజెస్టీ', మెకార్ట్‌నీ ఒక్కడే గిటార్ పట్టుకుని పాడిన 23 సెకన్ల పాట. దాని చోటు 'మస్టర్డ్', 'పామ్' మధ్యలో. జూలై 30న అన్నిటినీ కలిపి విన్నాక, అది వద్దు తీసేయమన్నాడు మెకార్ట్‌నీ. బీటిల్స్ రికార్డు చేసింది ఏదీ పారేయకూడదని స్టూడియోలో ఆదేశం. అందుకని టేప్ ఆపరేటర్ జాన్ కుర్లాండర్ ఆ ముక్కను కత్తిరించి, టేపు చివర కొంత ఖాళీ వదిలి అతికించాడు. అది అలాగే ఉండిపోయి, మెకార్ట్‌నీకి నచ్చి, రికార్డులోకి వచ్చింది. 'ది ఎండ్' తర్వాత నిశ్శబ్దంలోంచి హఠాత్తుగా దాన్ని మోగించే తొలి దెబ్బ నిజానికి 'మస్టర్డ్' ఆఖరి దెబ్బ. దాని సొంత చివరి స్వరం 'పామ్' మొదట్లో ఇరుక్కుపోయింది. కత్తెర పడిన చోటు ఈనాటికీ వినబడుతుంది.

2019లో వచ్చిన యాభయ్యేళ్ళ ప్రత్యేక సంచికలో జూలై 30 నాటి ఆ పాత కూర్పును కూడా విడుదల చేశారు. 'హర్ మెజెస్టీ' పాత చోటులోనే ఉన్న ఆ కూర్పు వింటే మెకార్ట్‌నీ ఎంత సరిగ్గా పసిగట్టాడో అర్థమవుతుంది. విడిగా ముద్దొచ్చే పాటే. ఆ చోటులో మాత్రం ఊపందుకున్న నడకకు అడ్డుపడి, అప్పుడే వేడెక్కిన చెవిని చల్లార్చేస్తుంది. అడ్డుపడుతున్నది తన సొంత పాటే అయినా కత్తెర వేయించాడు.

అదే మనిషి, అదే జూలైలో, మాక్స్‌వెల్ మీద ఒక్క చరణం కూడా తగ్గించలేకపోయాడు. చెవి అదే, చెయ్యి అదే. తేడా ఒక్కటే. 'హర్ మెజెస్టీ'ని అటూ ఇటూ ఉన్న పాటల మధ్య పెట్టి విన్నాడు. మాక్స్‌వెల్‌ను ఒక్కదాన్నే ముందు పెట్టుకుని నెలల తరబడి దిద్దాడు. 'కమ్ టుగెదర్'ను నెమ్మదించమని లెనన్‌కు చెప్పడానికి మెకార్ట్‌నీ ఉన్నాడు. మాక్స్‌వెల్‌ను సగానికి కోయమని మెకార్ట్‌నీకి చెప్పడానికి లెనన్ ఆ గదిలో వాయిస్తూ లేడు. ఉంటే చెప్పేవాడని నేననను. కానీ ఈ ఆల్బమ్‌లో గొప్పగా కుదిరిన ప్రతి చోటా ఒకరి పాట మీద ఇంకొకరి చెయ్యో, పక్క పాట ఒత్తిడో కనిపిస్తుంది. కుదరని చోట అది కనిపించదు.

ఈ రోజుల్లో ఫోన్‌లో వేలితో తోసేస్తే నచ్చని పాట మాయమైపోతుంది. అయినా 'అబీ రోడ్' వినబోయేవాళ్ళకు నేను చెప్పేది మూడో పాటను దాటేయవద్దనే. దాన్ని పూర్తిగా విని, ఆ వెంటనే రెండో వైపు 'మస్టర్డ్' వినండి. ఒక నిమిషంలో ముగిసిపోయే పాట ఎందుకు చాలనిపించిందో, మూడున్నర నిమిషాల పాట ఎందుకు సాగినట్టనిపించిందో మీ చెవికే తెలుస్తుంది. పాటలు కట్టేవాళ్ళకూ, కథలు రాసేవాళ్ళకూ, ఇంకే పనైనా ముద్దుగా చేసుకునేవాళ్ళకూ అందులో పనికొచ్చే మాట ఉంది: మనకు బాగా ముద్దొచ్చిన ముక్కను ఎంత దిద్దినా దాని కొలత తేలదు. దాన్ని తీసుకెళ్ళి మిగతావాటి మధ్య పెట్టాలి, అడ్డు చెప్పగల మనిషి ఒకరికి వినిపించాలి.